వరహాలు వండిన వారం

అనగనగా కోనసీమలో, కాలవ వంకర తిరిగే చోట, ఒక ఊళ్ళో గవర్రాజు అని ఒక పెద్దాయన ఉండేవాడు. కొబ్బరి పీచుతో తాళ్ళు పేనించే వ్యాపారం ఆయనది. ఆయన తాడుతో ఏనుగుని కట్టేస్తే ఏనుగు ముసలిదైపోవాలే గానీ తాడు తెగేది కాదు. అలాంటి తాడు.

ఆయనకి ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, లెక్కపెట్టబోతే పరిగెత్తిపోయే మనవలు. అందరికీ ఒకటే పొయ్యి, ఒకటే బంతి. ఆ బంతి ఎంత పొడుగంటే, ఈ చివర పప్పు వడ్డించడం మొదలుపెట్టి ఆ చివరికి వెళ్ళేసరికి ఈ చివరివాళ్ళకి మళ్ళీ ఆకలేసేది. నమ్మకపోతే నీ ఇష్టం బుజ్జీ, నేను మాత్రం తగ్గించే చెబుతున్నాను.

ఆ ఇంటికో పంతం ఉంది. అడిగినవాళ్ళకి లేదనకూడదు. తాతల నాటి మాట అది. అందుకని గవర్రాజు రోజూ పొద్దున్నే సంచి పట్టుకుని వాకిట్లో నిలబడి, ఎవరికేం కావాలో అడిగేవాడు. ఒకరు బెండకాయంటే ఒకరు కందంటారు. పెద్దకోడలు మాణిక్యం, ములక్కాడ లేందే తన మొగుడికి ముద్ద దిగదంటుంది. పిల్లలు బేకరీ బన్నులంటారు, రస్కులంటారు. ఆయన అన్నీ తెచ్చేవాడు. తెచ్చినవన్నీ ఆ పూటే వండాలి. వండినవన్నీ మిగిలేవి. ఆ మిగిలింది తిని తిని ఇంటి గేదె ఎంత ఒళ్ళు చేసిందంటే, కొట్టం గుమ్మం పగలగొట్టి వెడల్పు చేయించాల్సి వచ్చింది.

ఇలా తింటే కుబేరుడైనా తువ్వాలు దులుపుకుని పోవాల్సిందే కదా. తాళ్ళ మీద వచ్చిందంతా తిండికే పోయేది. మీవాళ్ళే ఎక్కువ తింటున్నారంటే మీవాళ్ళేనని కోడళ్ళు మూతులు తిప్పుకోవడం మొదలైంది. మాణిక్యం అయితే, సంపాదించేది మా ఆయన, నమిలేది ఊరంతానూ అని గోడకి చెప్పినట్టు అందరికీ చెప్పేది.

అప్పుడు గవర్రాజు ఒకరోజు భోజనం మధ్యలోనే తేల్చేశాడు. మృగశిర కార్తె ప్రవేశించే రోజున వసారాకి అడ్డంగా గోడ లేపిస్తాననీ, ఇంక మూడు పొయ్యిలు పెట్టుకుని ఎవరి కుండ వాళ్ళు దించుకోవాలనీ అన్నాడు.

అందరూ తలలొంచుకుని తిన్నారు. చిన్నకోడలు వరహాలుకి మాత్రం ముద్ద దిగలేదు.

ఎందుకంటే వరహాలు మేనత్త ఇంట్లో పెరిగిన పిల్ల. ఆ మేనత్తకి మాట తక్కువ. ఇద్దరూ చెరో వేళ తినేవారు. పెళ్ళయ్యేదాకా వరహాలు రోజూ గోడకేసి చూస్తూ ఒక్కతే అన్నం తింది. ఈ ఇంట్లో కాలుపెట్టిన మొదటి పూట ఆ పొడుగాటి బంతిలో కూర్చున్నాకే అన్నానికి రుచి ఉంటుందని ఆమెకి తెలిసింది. అలాంటిది, మళ్ళీ గోడా?

అప్పుడు వరహాలు కొంగు బిగించుకుని మావగారి ముందుకొచ్చింది.

"మావయ్యగారూ, మృగశిర దాకా ఆ సంచి నాకివ్వండి. ఖర్చు సగానికి దించుతాను, దించితే గోడ మానెయ్యండి."

గవర్రాజు నవ్వాడు. ఆ నవ్వుకి చూరులో పావురాలు లేచి, పక్క ఊళ్ళో వాలాయి.

"దించడం ఎవరైనా దించుతారమ్మా. లేదనకుండా దించగలవా? అడిగింది దొరక్క మన బంతిలోంచి ఒక్కరు లేచారా, ఆ పూటే గోడ."

"లేదనను," అంది వరహాలు.

అనడమైతే అంది. ఎలా దించాలో మాత్రం అప్పటికింకా తెలీదు.

ఆ తర్వాత ఆమె మొదటి పని మొదలుపెట్టింది. ముగ్గుపిండి కలిపి, వంటింటి గోడ మీద ఏడు రేకుల పువ్వు వేసింది. అబ్బో, ఏం పువ్వు అది. తుమ్మెదలు కిటికీలోంచి వచ్చి ముక్కులు పగలగొట్టుకుని వెళ్ళాయి. ఒక్కో రేకు ఒక్కో రోజు. ఒక్కో రోజుకి ఒక్కో రాజు. మంగళవారం మాణిక్యానిది, ఆ రేకులో ములక్కాడ గీసింది. బుధవారం మావగారిది, గుత్తివంకాయ. పిల్లలందరికీ కలిపి గురువారం, బంగాళాదుంప వేపుడు. ఎవరి రోజున వాళ్ళు కోరింది ఇంటిల్లిపాదీ తినాలి. శనివారం మాత్రం ఎవరిదీ కాదు, దప్పళానిది. వారమంతా మిగిలిన ముక్కలన్నీ ఆ రోజు ఆ పులుసులో ఈత కొట్టాల్సిందే.

ఇంక ఎవరొచ్చి ఏమడిగినా వరహాలు లేదనలేదు. కందా? ఉంది, శుక్రవారం ఉంది. బెండకాయా? ఉంది, ఆదివారం ఉంది. అడిగినవాళ్ళు గోడ వైపు చూసి, తమ రేకు తమకుందని చూసుకుని, మీసం తిప్పుకుంటూ వెళ్ళిపోయేవారు.

రోజూ బజారుకెళ్ళడం మానేసి ఆమె వారానికొక్కసారి సంతకెళ్ళేది. ఆమె బేరమాడుతుంటే గుమ్మడికాయలు వాటంతటవే దొర్లుకుంటూ సంచిలోకి వచ్చేవి. గుమ్మడి గుజ్జు పులుసులోకి, తొక్కు పచ్చడిలోకి, గింజలు వేయించి పిల్లల జేబుల్లోకి. పారేసేందుకు ముచ్చికొక్కటే మిగిలేది. గేదె చిక్కి, ఊళ్ళో అందగత్తె అయి కూర్చుంది.

కూరల ఖర్చు దిగింది. బేకరీ ఖర్చు దిగలేదు. బన్నుల సైకిలు గంట వినబడితే పిల్లలకి గురువారమూ పట్టదు, శుక్రవారమూ పట్టదు.

అప్పుడు వరహాలుకి దిబ్బరొట్టె గుర్తొచ్చింది. మూకుట్లో పిండి వేసి, కింద నిప్పు, మూత మీద నిప్పు పెట్టి కాలుస్తాం కదా. రొట్టె కాలినట్టే బన్నెందుకు కాలదు? అనుకున్నదే తడవు, గోధుమపిండి పిసికింది.

మొదటిసారి పులియబెట్టకుండా కాల్చింది. అది బన్ను కాదు, బండ. ఆరబెట్టిన పీచు గాలికి ఎగిరిపోకుండా దాన్ని బరువు పెట్టుకున్నారు.

రెండోసారి పిండి పొంగాలని చెంబుడు తాటికల్లు తెప్పించి అందులో కలిపింది. మాణిక్యం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, పిల్లలకి బన్నులతో పాటు పాటలు కూడా వచ్చేస్తాయేమో చూసుకో చెల్లీ అంది. పిండి పొంగింది గానీ, కాల్చడంలో తప్పు జరిగింది. తాళ్ళు పేనేవాళ్ళింట్లో నిప్పు కావాలంటే చెయ్యి కాయ మీంచి ఒలిచిన ఎండు కొబ్బరి డొక్కల మీదికే పోతుంది. డొక్కలు భగ్గున మండుతాయి, చప్పున ఆరతాయి. పైనంతా బొగ్గు, లోపలంతా జావ.

మూడోసారి పిండి కల్లుతోనే పొంగించింది గానీ, డొక్కల జోలికి పోలేదు. పీచు తీయగా రాలిన పొట్టు పెరట్లో కొండలా పడుంది కదా, దాన్ని కింద రాజేసింది. అది మండదు, ఆరదు, అత్తగారి కోపంలా లోలోపల రగులుతూ ఉంటుంది. మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు పోసింది. పైసా ఖర్చు లేని పొయ్యి. కాసేపటికి మూత దానంతటదే లేచింది. ఎవరా అని చూస్తే, కింద బన్ను.

ఆ వాసన కాలవ దాటి, ఆ పక్క ఊరు దాటి, గోదారి గట్టెక్కి కూర్చుంది. బేకరీ సైకిలు వీధి మొదట్లోకి వచ్చి, వాసన చూసి, తొక్కేవాణ్ణి అడక్కుండా వెనక్కి తిరిగిపోయింది. పిల్లలు తలా రెండు తిన్నారు. పాటలేవీ రాలేదు. మిగిలిన బన్నుల్ని ముక్కలు కోసి మళ్ళీ కాలిస్తే కరకరలాడే రస్కులయ్యాయి.

ఖర్చు సగానికి దిగింది. కానీ గవర్రాజు మాటంటే మాట, మృగశిర పూట బంతి లేచేదాకా గోడ మానేశానని అనడు. పైగా సంచి పోయాక ఆయనకి చెయ్యి తేలికైంది గానీ మనసు బరువెక్కింది. తనని అడిగేవాళ్ళే లేరాయె.

మృగశిర మంగళవారం నాడు ప్రవేశించింది. పొద్దున్నే తాపీమేస్త్రీ వచ్చి వసారాకి అడ్డంగా దారం లాగుతున్నాడు. వంటింట్లో మాణిక్యం కత్తిపీట ముందు కూర్చుని ములక్కాడలు తరగబోతోంది. అప్పుడు గవర్రాజు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఇవాళ నా ఆకులో గుత్తివంకాయ ఉండాలి," అన్నాడు.

వరహాలు గోడ మీది పువ్వుకేసి చూసింది. వంకాయలు ఉన్నాయి, బుట్టలో రేపటికని పెట్టినవి. రెండూ వండిందా, మళ్ళీ పాత రోజులే, రేపటినుంచి అందరూ అన్నీ అడుగుతారు. రేపు వండుతానందా, అడిగింది దొరక్క ఆయన ఆకు ముందునుంచి లేస్తాడు. వసారాలో మేస్త్రీ దారం టప్పుమని లాగి కట్టిన చప్పుడైంది. 

అప్పుడు మాణిక్యం కత్తిపీట వంచింది. అందరికంటే ఎక్కువ సణిగి గోడ దాకా తెచ్చిన మాణిక్యమే. కానీ వరసగా ఇన్ని మంగళవారాలు తన ములక్కాడ కూర బంతి బంతంతా వేళ్ళు నాక్కుంటూ తిని మెచ్చుకుంటే, ఆ రుచి ఆమెకి అలవాటైపోయింది. వేరే కుండలో వండుకుంటే మెచ్చేదెవరు?

"మావయ్యగారూ, ఇవాళ నా రోజు. మీరడిగారు గనక ఇచ్చేస్తున్నాను," అంది. "మీ బుధవారం మాత్రం నాది. రేపు మీరు ములక్కాడ నమలాల్సిందే."

అంటూనే లేచి, గోడ మీది రెండు రేకుల్ని తడిచేత్తో తుడిచి, వంకాయని ఇటూ ములక్కాడని అటూ గీసేసింది. గీత వంకర పోయింది గానీ ఏం ఫర్వాలేదు.

గవర్రాజు ఆ రేకులో తన వంకాయ చూసుకుని మీసం తిప్పుకున్నాడు. వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన తిన్న వంకాయలకి ఆకు వంగిపోయింది. నాలుగోసారి వడ్డించుకుంటుండగా మేస్త్రీ గుమ్మంలోకి వచ్చి, అయ్యా గోడ ఎక్కణ్ణించి ఎక్కడిదాకా అని అడిగాడు.

"ఏ గోడరా?" అన్నాడు గవర్రాజు. "ముందు ఆ దారం తీసెయ్. అది కాళ్ళకి అడ్డం పడుతోంది. తీసి, వచ్చి బంతిలో కూర్చో."

మేస్త్రీ కూర్చున్నాడు. అన్నం తిన్నాడు, బన్ను తిన్నాడు, మొహమాటపడుతూ ఇంకోటి ఉంటుందా అన్నాడు. గవర్రాజు ఛాతీ ఇంత చేసి, కాలవ అవతలి వాళ్ళకి కూడా వినబడేట్టు చెప్పాడు.

"ఉంటుంది. మా చిన్నకోడలి వంటిల్లు అది. లేదన్న మాట ఆ గుమ్మం దాటి బయటికి రాదు."

ఆ తర్వాత వడ్డన అయిపోయింది. మాణిక్యం పక్కకి జరిగి, చాప మీద చోటు చూపించింది. వరహాలు వచ్చి కూర్చుని మొదటి ముద్ద కలుపుకుంది. తలెత్తి చూస్తే ఎదురుగా గోడ లేదు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మనుషులే.

బొగ్గులు మూతకి, బన్నులు బుట్టకి,
కూరలు రోజుకి, కూర్చుందాం బంతికి,
కథేమో కంచికి, కళ్ళేమో నిద్దరకి,
నువ్వూ నేనూ బుజ్జీ, మెల్లగా మనింటికి.