బొంత ఉతికిన రోజు

నీలాద్రయ్యగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. ఆ పూట చేతిలో ఏ పని ఉంటే అందులోకి అడిగినవాళ్ళను కూడా కలుపుకునేవారు. పని అయ్యేసరికి తమ ప్రశ్న ఏమైందో అడిగినవాళ్ళే చూసుకోవాలి.

ఏటి ఒడ్డున ఉన్న ఆయన ఆశ్రమంలో అందరికన్నా పాత శిష్యురాలు పేరిందేవమ్మ. డెబ్బై దాటిన మనిషి. ఈ మధ్య ఆమెకు మాటలు జారిపోతున్నాయి, మనుషుల పేర్లు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతున్నాయి. ఒకనాడు పొద్దున్నే వచ్చి అడిగింది.

"గురువుగారూ, విన్నదంతా ఒక్కొక్కటే మరిచిపోతున్నాను. అంతా పోయాక నాకేం మిగులుతుంది?"

ఆయన ఆమె పాదాల వైపు చూశారు. "ఆ దద్దుర్లేమిటమ్మా?"

చీలమండల చుట్టూ మూడేసి చొప్పున ఎర్రటి దద్దుర్లు. ఆమె మొదట దోమలనుకుంది. తర్వాత వంకాయకూర పడలేదనుకుంది. వంటవాడు పిచ్చయ్యకు మాత్రం సందేహమే లేదు.

"మన ఆశ్రమం పిల్లి ఒంటిమీది గెంతుడు పురుగులండీ అవి. మా అందరికీ ఉపదేశం చేస్తారు గదా, కుట్టొద్దని వాటికీ ఓ మాట చెప్పరాదూ? లేదంటే చెప్పండి, దాన్ని గోనెసంచిలో పెట్టి ఏరు దాటించేస్తాను."

నీలాద్రయ్యగారు పేల దువ్వెన తెమ్మన్నారు. తెల్లగుడ్డ తడిపి పరిచి, బూడిదరంగు పిల్లిని దాని మీద కూర్చోబెట్టి, తోక మొదట్లో మెల్లగా దువ్వారు. మిరియాలపొడి లాంటి నలుసులు రాలాయి. తడి తగలగానే ఒక్కొక్క నలుసు చుట్టూ ఎర్రగా పూసింది.

"మట్టి కాదు, నెత్తురు. పురుగు తాగి విడిచింది."

"చెప్పానా!" అని పిచ్చయ్య సంచి కోసం లేచాడు.

"కూర్చో. ఇది పగలంతా ఎక్కడ పడుకుంటుందో కూడా చూడు."

పిల్లి ఒళ్ళు విదిలించుకుని, ఎవరినీ పట్టించుకోకుండా ధ్యానమందిరంలోకి నడిచి, పెద్దగురువుగారి పీట ఎక్కి, అక్కడున్న బొంతలో ముడుచుకుంది.

అది నీలాద్రయ్యగారి గురువు, పెద్దగురువుగారు కప్పుకున్న బొంత. పాత పంచెలు పొరలు పొరలుగా వేసి కుట్టింది. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. పొద్దున్నే అందరూ దాన్ని కళ్ళకద్దుకుంటారు. ఆయన స్పర్శ పోతుందని ఒక్కసారీ ఉతకలేదు. దాన్ని చూసుకునే పని పేరిందేవమ్మది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ ఆమె పీట పక్కనే కాళ్ళు ముడుచుకుని కూర్చుని, బొంత అంచులో ముఖం దాచుకునేది. కర్పూరం, నస్యం, ఎప్పటిదో వాన. ఆ వాసన వస్తే ఆయన గొంతు వినిపించేది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

నీలాద్రయ్యగారు ఇంకో తడిగుడ్డ మీద బొంత దులిపారు. గుడ్డంతా ఎర్రటి పూలు పూసింది. రెండు పురుగులు ఎగిరి పిచ్చయ్య పంచె మీద పడ్డాయి.

"దీన్నిలా ఉంచి పిల్లిని తరిమేస్తే, రేపటినుంచి ఇవి మన కాళ్ళనే నమ్ముకుంటాయి" అన్నారాయన.

పేరిందేవమ్మ బొంతను గుండెకు హత్తుకుంది. "వద్దండీ. ఈ వాసన పోతే ఆయన గొంతు కూడా నాకు పోతుంది."

ఆయన వాదించలేదు. "పిచ్చయ్యా, కాగులో నీళ్ళు మరగనీ. చాపలన్నీ ఎండలో వేసి, నేల పగుళ్ళు ఊడువు. రేపూ ఎల్లుండీ కూడా. పురుగుల గుడ్లుండేది అక్కడే. పిల్లికి పశువుల డాక్టరుగారి దగ్గర చుక్కలమందు తీసుకురా. ఆయన చెప్పినట్టే వెయ్యి, నీ సొంత వైద్యం వద్దు." ఆమె వైపు తిరిగారు. "బొంత మాత్రం నువ్వే ముంచాలమ్మా."

ఆమె ముంచింది. ఆవిరి లేచింది. పన్నెండేళ్ళ వాసనంతా ఒక్కసారిగా పైకి వచ్చి ఆమెను చుట్టుకుంది. ఆ ఆవిరిలో పెద్దగురువుగారు ఏటి ఒడ్డున నిలబడి ఏదో చెబుతున్నారు. పెదవులు కదులుతున్నాయి, నీళ్ళ చప్పుడే వినిపిస్తోంది. ఆమె కర్రతో కలుపుతూ చెవి ఒగ్గింది. నీళ్ళు తేనీటి రంగుకు తిరిగాయి. ఎంతసేపు గడిచిందో తెలియదు. తర్వాత ఎండలో తాడుమీద బొంత మెల్లగా తేలికపడుతూ, గాలికి ఉబ్బుతూ తగ్గుతూ, ఊపిరి తీస్తున్నట్టు కదిలింది.

పొద్దు వాలాక దాన్ని తీసి ముఖానికి ఆనించుకుంది. సబ్బు, ఎండ. అంతే. గురువుగారి ముందుకు వచ్చి కూర్చుంది.

"ఇందులో ఇంక ఆయన లేరండీ."

"ఏటిగాలి తిరిగింది. కప్పుకో."

పన్నెండేళ్ళలో ఎవరూ దాన్ని కప్పుకోలేదు. ఆమె భయం భయంగా భుజాల మీద వేసుకుంది. మందు వేయించుకుని అలిగిన పిల్లి ఎక్కడినుంచో వచ్చి ఆమె ఒళ్ళో సర్దుకుంది. ఆమె కళ్ళు బరువెక్కాయి.

"పొద్దున ఏదో అడిగావు" అన్నారు నీలాద్రయ్యగారు.

ఆమె చాలాసేపు వెతుక్కుంది. "మరిచిపోయానండీ."

"పోనీలే. వెచ్చగా ఉందా?"

ఆమె తల ఊపింది.

"నాకు జ్వరమొచ్చిన ఏడాది పెద్దాయన దీన్ని నా మీద కప్పారు" అన్నారాయన. "అప్పుడూ ఇంతే వెచ్చన."