తూములో మట్టి

1988 ఫిబ్రవరి 14, ఆదివారం, పొద్దున పొగమంచు కమ్మి పదింటికల్లా ఎండ చురుక్కుమన్న రోజున, తన ఊరిని మించిన ఊరు లేదనే మొండిమనిషి, దిగువమెట్ట దాలినాయుడు ఒక శపథం చేశాడు. ఆ మంచులోనే నా సైకిలు జొన్నచేలో దూరింది. అది వేరే సంగతి.

అప్పుడు ఎన్నికలొచ్చాయి. ఎగువమెట్టనూ దిగువమెట్టనూ ఒకే పంచాయతీ చేస్తామంది గొడుగు పార్టీ. చేయనివ్వమంది లాంతరు పార్టీ.

"లాంతరుకు ఓటేసినవాళ్ళకే నా పొలం!" అన్నాడు దాలినాయుడు.

"నాది లాంతరే మామా!" అన్నాడు మేనల్లుడు సూరపనాయుడు వెంటనే.

కూతురు పైడితల్లి మాత్రం, "కాలవ సంగతి ఏం చేస్తాడో ఆ లాంతరాయన్ని అడిగావా నాన్నా?" అంది.

"ఊళ్ళు కలుపుతాడా, కలపడా? నాకదొక్కటే కావాలి."

"అయితే నా ఓటు ఎవరికో అడక్కు."

"నా పొలం ఎవరికో నువ్వూ అడక్కు!"

లాంతరు గెలిచింది. అంతకుముందు ఏటా తొలకరికి ముందు రెండూళ్ళవాళ్ళూ హద్దులోని కాలవ తూములో దిగి, తట్టలు చేతులు మార్చుకుంటూ పూడిక తీసేవారు. తరవాత అందరూ గట్టు మీదే అంబలి తాగేవారు. ఆ అంబలితో నంజుకునే పచ్చిమిరపకాయ రుచి నాకిప్పటికీ గుర్తే. దిగువమెట్ట కొత్త సర్పంచి, ఎగువమెట్టవాళ్ళు అక్కడ దిగకూడదని బోర్డు పెట్టించాడు. వాళ్ళు రావడం మానేశారు. తూముకి ఒక కొస అక్కడ, ఒక కొస ఇక్కడ. నడుమ పూడిక ఎవరిదీ కాకుండా పోయింది.

నీళ్ళు ఆగాయి. దాలినాయుడి నారుమడి పసుపు తిరిగింది.

పైడితల్లి పార, తట్ట పట్టుకుని తూములో దిగింది. అది చూసి ఎగువమెట్ట రైతు సన్యాసి అవతలి కొసన దిగాడు. అతని వెనక మరికొందరు వచ్చారు. సూరపనాయుడికి నడుం పట్టేసిందట, రాలేదు. చివరికి దాలినాయుడే పంచె ఎగగట్టి దిగాడు.

సన్యాసి తట్ట ఎత్తి, "మామా, ఈ మట్టి మీ ఊరిదా, మా ఊరిదా? చెబితే ఆ గట్టునే పోస్తాను" అన్నాడు.

దాలినాయుడు నవ్వాపుకోలేకపోయాడు. "ఎక్కడో ఒకచోట పొయ్యరా బాబూ, నీళ్ళు రానీ!"

సాయంత్రానికి నీళ్ళొచ్చాయి. ఊళ్ళు కలవలేదు, ఈనాటికీ వేరుగానే ఉన్నాయి. బోర్డు మాత్రం ఎవరో పీకి గొడ్లపాకకు తలుపు చేసుకున్నారు.

దాలినాయుడు పోయాక పొలం పైడితల్లికి వచ్చింది, ఆ పారతో సహా. ఆమె ఓటు ఎవరికి వేసిందో ఆయన చివరిదాకా అడగలేదు. సూరపనాయుడికి ఏమీ రాలేదు.

ఊళ్ళు కలుపుతారా, విడిగా ఉంచుతారా అన్న ఒక్కటే చూసి ఓటు వేయకూడదు. ఎలా ఉన్నా మన పని జరగనిచ్చేది ఎవరో అడిగి వేయాలి.