అరిగెల సూరమ్మ అనే ఈగ

అమలాపురంలో సూరమ్మగారి మేడ మీది గదిలో ముగ్గురు బీయస్సీ కుర్రాళ్ళు అద్దెకుండేవారు. గవర్రాజు, ఏసుపాదం, కామేశం. ముగ్గురికీ ఒళ్ళంతా తెలివే. ఆ తెలివి ఎక్కడ అరిగిపోతుందోనని పరీక్షల్లో కూడా వాడకుండా దాచుకునేవారు. అందుకే నిరుడు ప్రాజెక్టు పోయింది.

"మనం సరిగ్గానే చేశాంరా, ప్రశ్నే సరిగా లేదు," అని గవర్రాజు తేల్చేశాడు.

పైకి అలా అన్నాడే గానీ లోపల మటుకు భయమే. ఈసారి కూడా పోతే చదువు మాన్పించి కొబ్బరికాయలు ఒలిచే పనికి పంపిస్తానని వాళ్ళ నాన్న గట్టిగా చెప్పేశాడు. అందుకని ప్రాజెక్టు చూసే సుగుణ మేడం చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా జారిపోనివ్వకూడదని ముగ్గురూ ఒట్టేసుకున్నారు.

సుగుణ మేడం చెప్పిందల్లా ఇది. "ఒంట్లో ఏ జన్యువు ఎప్పుడు పనిచెయ్యాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఎవరు చెబుతున్నారన్నది కనిపెట్టడమే మీ ప్రాజెక్టు. ముందు దానికి తగ్గ జీవిని ఎంచుకోండి. ఒక్కటి చాలు. తక్కువ తినాలి, ఎక్కువమంది పిల్లల్ని కనాలి. అరటిపళ్ళ మీద ముసిరే చిన్న ఈగైనా సరే. సీసాలో పెట్టి, తప్పించుకోకుండా మూతికి దూది కుక్కండి. దాని పేరు రెండు ముక్కల్లో ఉంటుంది, మన ఇంటిపేరూ పేరూ లాగ. ఆ పేరు నాకు చెప్పాక ఇంక మార్చడానికి వీల్లేదు. సోమవారానికి అది నా ముందుండాలి."

ఇంకేముంది, ముగ్గురూ సూరమ్మగారి వసారాలో వేలాడుతున్న అరటిగెల దగ్గరికి పరిగెత్తారు. గెల నిండా ఈగలే.

"బోలెడున్నాయిరా!" అన్నాడు ఏసుపాదం.

"మేడం ఒక్కటే అన్నారు. మిగతావాటిని తోలెయ్యండి," అన్నాడు గవర్రాజు.

విసనకర్రలు తెచ్చి సాయంత్రం దాకా తోలారు. అవి పోవడం, మళ్ళీ రావడం. ఒక్క ఈగ మాత్రం ఎంత విసిరినా పండు వదల్లేదు.

"నెమ్మదస్తురాలు," అన్నాడు కామేశం. "పొద్దున్నించీ ఒకే పండు. తిండి కూడా తక్కువే."

"మరి పిల్లలో?" అన్నాడు ఏసుపాదం.

గవర్రాజు వంగి ఆ సంగతి ఈగనే అడిగాడు. అది ముందుకాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి రుద్దుకుంది.

"దణ్ణం పెడుతోందిరా! సంసారపక్షంగా ఉంది," అన్నాడు. అంతే, ఖాయం చేసేశారు.

పేరు దగ్గర పెద్దగా తర్జనభర్జన జరగలేదు. పుట్టింది సూరమ్మగారింట్లో కాబట్టి ఇంటిపేరు ఆవిడదే, అరిగెల. తిన్నది ఆవిడ అరటిపండు కాబట్టి ఆవిడ పేరే పెట్టడం మర్యాద. గవర్రాజు ఫోన్ చేసి, "అరిగెల సూరమ్మ అండి," అన్నాడు. ఈ వైపు ఈగలకి అలాంటి పేరేదో ఉంది కాబోలనుకుని మేడం, "సరే, ఇంక మార్చకండి," అని పెట్టేశారు.

ఇక సీసా. ఈగని పండుతోసహా గదికి తెచ్చి, అందులోకి దింపి, కామేశం కాస్త దూది తీసి మూతికి పెట్టబోయాడు.

"పెట్టమన్నారా, కుక్కమన్నారా?" అని గవర్రాజు గదిమాడు.

ఇంకేముంది, దూది చుట్ట మొత్తం విప్పి, కర్రతో పొడిచి పొడిచి అడుగుదాకా కుక్కారు. ఈగ తప్పించుకోలేదు. కదల్లేదు కూడా.

"సూరమ్మ పోయిందిరోయ్!" అని ఏసుపాదం గుండెలు బాదుకున్నాడు.

ఆ కేకకి వీధి వీధంతా మేడెక్కింది. అందరికంటే ముందు ఆయాసపడుతూ వచ్చింది సూరమ్మగారే.

"ఎవర్రా పోయింది?"

"మీరేనండి," అన్నాడు ఏసుపాదం వెక్కుతూ.

ఆవిడ తిట్టిన తిట్లకి మేడ ఖాళీ అయ్యింది. కామేశం మెల్లిగా, "గెల మీద ఇంకా ఉన్నాయి కదరా, ఇంకోదాన్ని పట్టుకుందాం," అన్నాడు.

"మార్చడానికి వీల్లేదన్నారు కదరా! సూరమ్మే కావాలి!" అన్నాడు గవర్రాజు. కళ్ళ ముందు కొబ్బరికాయల గుట్ట కనబడింది. వాడికి నిజంగానే ఏడుపొచ్చింది. ఆ కళ్ళతోనే ఎదురుగా నిలబడ్డ సూరమ్మగారిని చూశాడు. చూసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"సూరమ్మగారూ, మీకెంతమంది పిల్లలండి?"

"ఏడుగుర్రా. ఏం?"

"భోజనమో అండి?"

"షుగరొచ్చాక ఒంటిపూటే."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

సోమవారం పొద్దున్నే, "మా చదువులు మీ చేతుల్లోనే ఉన్నాయండి," అని బతిమాలి ఆవిడని ఆటో ఎక్కించారు. పాపం, పిల్లల చదువు కదా అని ఆవిడా వచ్చింది, అరటిపళ్ళు కూడా పట్టుకుని. కాలేజీ ల్యాబులో మేడం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"ఎవరీవిడ?" అన్నారు మేడం.

"అరిగెల సూరమ్మ అండి. మార్చలేదండి," అన్నాడు గవర్రాజు. "ప్రాజెక్టు కూడా అయిపోయిందండి. మా ఇంట్లో ఎవరెప్పుడు పనిచెయ్యాలో, ఎప్పుడు ఊరుకోవాలో చెప్పేది ఈవిడేనండి."

"అది మాత్రం నిజమేనమ్మా," అంది సూరమ్మగారు.

మేడం సూరమ్మగారిని కిందినించి పైదాకా చూశారు. ఆ చూపు సీసా కోసమే అనుకున్నాడు గవర్రాజు.

"ఈవిడ పట్టే సీసా ఊళ్ళో ఎక్కడా దొరకలేదండి. అయినా మీరేం బెంగపడకండి," అని మిగతా ఇద్దరికీ సైగ చేశాడు. అంతే, ముగ్గురూ బయటికొచ్చి, ల్యాబు తలుపేసి, గడియ పెట్టి, తాళంచెవి కన్నంలోనూ తలుపు సందుల్లోనూ దూది కుక్కేశారు. గవర్రాజు హమ్మయ్య అనుకున్నాడు. ఇంక కొబ్బరికాయలు ఒలవక్కర్లేదు.

లోపల్నించి తలుపు దబదబా బాదుతున్నారు.

"ఒరేయ్, మేడం కూడా లోపలే ఉండిపోయారు," అన్నాడు కామేశం.

గవర్రాజు మొహం పాలిపోయింది. "ఒక్కటి చాలన్నారు కదరా. ఇప్పుడు రెండయ్యాయి!"

"తీద్దామా?"

"తీస్తే ఏది తప్పించుకుంటుందో ఏమో," అని గవర్రాజు తల గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు. తర్వాత మొహం వెలిగిపోయింది. "పరిగెత్తుకెళ్ళి విసనకర్రలు పట్టుకురండ్రా. తోలుదాం. ఎంత తోలినా కదలనిదాన్ని ఉంచుకుందాం."