గాజు పెంకుల మీద జెల్లలు

అనగనగా, చేపలు మనుషులతో ఇంకా మాట్లాడుతున్న రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో బాలిశెట్టి అనే గాజుల వర్తకుడు ఉండేవాడు. ఎంత బిగుతు గాజునైనా ఏ చేతికైనా ఎక్కించగలడని అతనికి పేరు. "అబ్బా, నొప్పి శెట్టిగారూ!" అని ఆడవాళ్ళు అంటున్నా, "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూ తోసేసేవాడు. చెడ్డవాడు కాడు. ఎదుటివాళ్ళ మాట చెవిన పెట్టేవాడు కాడు, అంతే.

అతనికి ఒక ముచ్చట పుట్టింది. ఇంటి సావడిలో గాజు తొట్టి పెట్టి, అందులో చేపల్ని పెంచాలని. తొట్టి చేయించాడు. చేపలు పట్టే పోలమ్మ ఒకనాటి పొద్దున మూడు జెల్లల్ని కుండలో వేసి తెచ్చింది. బూడిదరంగు వీపులు, వెడల్పాటి నోళ్ళు, నోటి చుట్టూ పొడవాటి మీసాలు.

"ఇయి సాధు జీవాలు శెట్టిగారూ. ఏటి అడుగున తిరిగేవి. కింద మెత్తటి ఇసక పొయ్యండి. దూరడానికో ఓటికుండ పెట్టండి. పొద్దుగూకాక మేత అడుక్కి దిగేలా ఎయ్యండి. ఇంకేటీ అడగవు" అంది పోలమ్మ.

శెట్టి అలాగే చేశాడు. మూడు జెల్లలూ ఓటికుండలో దూరి, పొద్దుగూకగానే బయటికి వచ్చి, మీసాలతో ఇసుకను తడుముకుంటూ మేత ఏరుకు తినేవి. "చల్లగా ఉండండి శెట్టిగారూ" అని పెద్ద జెల్ల దీవించింది కూడా.

ఆ మాటతో సరిపెట్టుకుంటే ఈ కథే లేదు.

ఒకరోజు చుట్టాలు వచ్చారు. తొట్టి చుట్టూ మూడుసార్లు తిరిగారు. "ఏం బావా, నీళ్ళకి కాపలా కాస్తున్నావా?" అని పకపకా నవ్వారు. శెట్టికి తల కొట్టేసినట్టయింది. వాళ్ళు గడప దాటగానే ఓటికుండ తీసి పెరట్లో పారేశాడు.

పెద్ద జెల్ల అద్దం దగ్గరికి వచ్చింది. "శెట్టిగారూ, మా ఇల్లు తీసేశారు. వెలుతురు మాకు పడదండీ."

"పిచ్చిదానా! ఇక్కడ నిన్ను మింగేవాళ్ళెవరే? హాయిగా నలుగురికీ కనపడు" అన్నాడు శెట్టి.

జెల్లలు చేసేది లేక ఒక మూలకు చేరి, ఇసుకలో తలలు దూర్చుకున్నాయి. నీళ్ళు మురికి తేలాయి. ఈసారి ఇరుగుపొరుగు నవ్వారు. శెట్టి ఇసుకంతా తోడి పారబోశాడు. తన దుకాణంలో పగిలిన గాజుల పెంకులు ఎరుపూ, ఆకుపచ్చా, బంగారు చుక్కలవీ బుట్టెడు తెచ్చి తొట్టి అడుగున పరిచాడు. తొట్టి ధగధగ మెరిసింది. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది.

జెల్ల మళ్ళీ వచ్చింది. గొంతు కాస్త తగ్గింది. "శెట్టిగారూ, కింద గుచ్చుకుంటోంది. మీసాలు తెగుతున్నాయి. అవే మా కళ్ళండీ."

"అవి ఎలాంటి గాజులో తెలుసా? రాణులకు కూడా దొరకవు. రెండు రోజుల్లో అలవాటు పడతావులే."

నాకిప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అలవాటు పడాల్సింది ఎప్పుడూ నోరు లేనివాళ్ళే కాబోలు!

మూడోసారి శెట్టి మార్చింది మేతను. కింద వేస్తే పెంకుల సందుల్లో పడి కుళ్ళుతోందని, పట్టపగలు నీళ్ళ మీద మరమరాలు చల్లాడు. చేపలు పైకెగిరి తింటే పిల్లలకు వేడుకగా ఉంటుందని అతని ఆశ. జెల్లలు పైకి రాలేదు. అయితే ఈసారి పెద్ద జెల్ల అద్దం దగ్గరికి కూడా రాలేదు. ఒక్క మాటా అనలేదు.

"చూశారా, సర్దుకున్నాయి" అని శెట్టి మురిసిపోయాడు.

కొన్నాళ్ళకు పోలమ్మ అటుగా వచ్చింది. శెట్టి ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయినంత పని చేశాడు. "రా పోలమ్మా, నీ జెల్లలకు బెరుకు పోయింది. నడిమధ్యన ఎంత నింపాదిగా పడుకున్నాయో చూడు!"

పోలమ్మ వంగి చూసింది. "శెట్టిగారూ, మీసాలేవి?" అంది.

శెట్టి అప్పుడు చూశాడు. అన్నాళ్ళూ మెరుపే చూశాడు తప్ప చేపల్ని చూడలేదు. పోలమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టి కదిపింది. రెండు కదల్లేదు. పెద్ద జెల్ల మాత్రం మొప్పలు ఆడించింది.

"మేత తగిలితేనే కదండీ తినేది. తడుముకోడానికేటి మిగిలింది?" అంది ఆమె. ఆ ముక్క తిట్టులా కూడా అనలేదు. శెట్టికి ఏడుపు ముంచుకొచ్చింది.

బతికినదాన్ని అతనే కుండలో ఏటికి తీసుకుపోయాడు. రెండు చేతులతో ఎత్తి నీళ్ళలోకి దించాడు. జెల్ల వీపు మీద ముల్లుంటుంది, తలుచుకుంటే చెయ్యి చీల్చగలదు. చీల్చలేదు.

"ఒక్క మాట అనవే. పోనీ, తిట్టు" అన్నాడు శెట్టి.

జెల్ల మాట్లాడలేదు. మెల్లగా ఇసుకలోకి దిగి కనపడకుండా పోయింది. దాని మీసాలు మళ్ళీ మొలిచాయో లేదో అతనికి తెలియలేదు. ఆ తరవాత ఏ చేపా ఏ మనిషితోనూ మాట్లాడినట్టు నేను వినలేదు.

శెట్టి పెరట్లోని ఓటికుండ వెతికి తెచ్చి, తొట్టిలో ఇసుక పోసి, మళ్ళీ పెట్టాడు. అందులో చేపల్ని మాత్రం వెయ్యలేదు. చుట్టాలు నవ్వినా ఊరుకున్నాడు.

ఒకనాడు దుకాణానికి ఒక కొత్త పెళ్ళికూతురు వచ్చింది. శెట్టి గాజు ఎక్కిస్తుంటే ఆ పిల్ల నోట్లోనే "అబ్బా" అంది. పక్కనున్న తల్లికే వినపడలేదు. శెట్టి చెయ్యి ఠక్కున ఆగింది. గాజు వెనక్కి తీసి, పెద్దది వెతికి, "ఇప్పుడు చెప్పమ్మా, నొప్పిగా ఉందా?" అని అడిగాడు. అడుగుతుంటే కళ్ళు తడిశాయి. ఎందుకో ఆ పిల్లకు తెలియదు, మనకు తెలుసు.

పిల్లలూ, సాధు స్వభావులు మూడోసారి అడగరు. వాళ్ళు మొదటిసారి మెల్లగా చెప్పినప్పుడే మనం వినాలి.