గొంగడి కప్పుకున్న తల్లి

గొంగడి గుట్ట మీద కొలువైన అమ్మవారికి పట్టుచీర కట్టరు, నల్ల గొంగడి కప్పుతారు. దర్శనానికి వచ్చిన భక్తులు తామే దాని అంచు ఎత్తి, లోపలి శిలారూపాన్ని కళ్లారా చూసుకోవాలి.

పూర్వం ఇక్కడ గొర్రెల కాపరులు ఉండేవారు. ఒక ఏడాది మందలు వరసగా చచ్చాయి. సిద్దప్ప అనే మంత్రగాడు వచ్చి, ఇది బాణామతి అనే చేతబడి అనీ, అది చేసినవారి ఎదుట తన బెత్తం దానంతటదే వణుకుతుందన్నాడు. అది ఓదెలు అనే కాపరి అక్క బూదవ్వ ఎదుట వణికింది. భర్త పోయిన ఆమెను పళ్లు రాలగొట్టి ఊరు దాటించాలని తీర్పయింది.

తెల్లవారుజామున ఓదెలు కలలోకి అమ్మవారు వచ్చి, "నీ అక్క ఏ పాపం ఎరగదు" అంది. ఓదెలు లేచి కూర్చుని ఆలోచించాడు. సిద్దప్ప కూడా తన బెత్తాన్ని దేవుడే వణికిస్తాడంటాడు. మరి తన కలను మాత్రం ఊరెందుకు నమ్మాలి? కల సంగతి ఎవరికీ చెప్పకుండా పంచాయితీకి నడిచాడు.

"సిద్దప్పా, మీద గొంగడి కప్పితే నీ బెత్తానికి మనిషి తెలుస్తదా?"

"ఇనుప గోడ అడ్డమున్నా తెలుస్తది, పోరా!"

సిద్దప్పను ఒక బండ వెనక నిలబెట్టారు. బూదవ్వతో పాటు ఊరి ఆడవాళ్లంతా ఒకే తీరు గొంగళ్లు కప్పుకుని తోచిన చోట కూర్చున్నారు. తన ముఖం చూసి సిద్దప్ప పసిగడతాడేమోనని, ఓదెలు కూడా వారు కూర్చునేదాకా బండ వెనకే ఉన్నాడు. అక్క ఎక్కడుందో అతనికీ తెలియదు. బెత్తం ఒకచోట ఆగి గడగడ వణికింది.

గొంగడి తీస్తే ఊరి పెద్ద పటేలు తల్లి!

"ఏందిరా, నా కొడుకు గొర్లను నేనే మింగిన్ననా?" అని ఆమె కేకేసింది.

"గొంగడి మైల పడ్డది" అని సిద్దప్ప గొణిగాడు.

"అయితే ఉతికినయి తెస్తం. మళ్ల చూడు" అన్నాడు ఓదెలు.

రెండోసారి బెత్తం, ఆడవాళ్లలో కలిసి కూర్చున్న సిద్దప్ప పెండ్లాం మీదే వణికింది. పటేలు ఆ బెత్తాన్ని విరిచి పొయ్యిలో పెట్టించాడు. బూదవ్వ తన ఇంటికి తాను నడిచి వెళ్లింది.

అమ్మవారు మళ్లీ కలలోకి వచ్చి, "నన్ను సాక్ష్యానికి పిలవకుండా నిజం తేల్చావు. నీ గొంగడి కిందే ఉంటాను" అంది. మర్నాడు గుట్ట మీద ఆరేసిన గొంగడి కింద శిల వెలిసింది. ఎవరైనా తెచ్చి పెట్టారేమోనని ఓదెలు చుట్టూ తవ్వి చూశాడు. శిల గుట్టలోంచే మొలిచి ఉంది. అప్పుడు దండం పెట్టాడు.

నేటికీ జాతరలో పూనకం వచ్చిందన్న వారిని ఎవరైనా పరీక్షించవచ్చు, పూజారినైనా సరే. మొదట పరీక్ష అడిగినవారికే తొలి ప్రసాదం. నింద పడిన ఆడమనిషి ఎవరు గుట్టెక్కినా, ఊరి ఆడవాళ్లంతా ఆమెకూ గొంగడి కప్పి, తామూ కప్పుకుని ఆమె వెంట కూర్చుంటారు. అమ్మ దయవల్ల, ఆ వరుసలోంచి ఆమెను వేలెత్తి చూపగలిగినవాడు ఇంతవరకు రాలేదు.