అల్లుడికి లోపం దొరకని పుంజు

అనగా అనగా, మీ తాతకి తాత ఇంకా మొలతాడుతో తిరిగే రోజుల్లో ఒకానొక ఊరుంది. ఊరిపేరు అడక్కండి, మా అమ్మ చెప్పినప్పుడే నేను సగం నిద్రలో ఉన్నా. ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒకావిడ. ఆవిడకి ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు పేరు సత్తియ్య. ఏమడిగినా "ఊఁ" అంటాడు, అంతకుమించి మాటరాదు. ఆ సత్తియ్య పెళ్ళాం పేరిందేవి. కథంతా ఈ కోడలిదే. ఒరే తేజూ, కాళ్ళు ఆడించకు, మంచం కిర్రుమంటోంది.

ఆ రాజ్యంలో కోట గుమ్మం మీద రాతితో ఒక కోడిపుంజుని చెక్కి పెట్టారు. రాజుగారి ముత్తాత నాడు ఆ సీమలో కోళ్ళన్నీ అచ్చం అలాగే ఉండేవట. రాతికి రంగుండదు కదా, అందుకని రంగులు మర్చిపోకుండా ఒక పాట కట్టారు. చెవులు పెట్టి వినండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది:

తల మీద అయిదు మొనల జుట్టు,
మెడకు పసుపు, వీపుకు కుంకుమ,
తోకకు కాటుక, కాళ్ళకు సున్నం,
నాలుగు వేళ్ళూ తిన్నన, నడిచొస్తే రాజన్న!

మరి పేరిందేవి కాపురానికొచ్చేనాటికి కోళ్ళెలా ఉన్నాయి? నా తల్లే, నవ్వాలో ఏడవాలో తెలీదు. ఒకదానికి జుట్టు కంటి మీదకి వాలిపోయి గోడకి గుద్దుకునేది. ఒకదానికి వేలు వంకర, తూర్పుకి బయల్దేరితే దక్షిణానికి చేరేది. ఒకదానికి తోకే లేదు, వెనకనించి చూస్తే బోర్లించిన ముంత. ఇంకోటి కూయబోయి దగ్గేది.

ఓరోజు రాజుగారు గుమ్మం మీది రాతికోడిని చూసి, ఇలాంటిది నా రాజ్యంలో ఒక్కటీ లేకపోయిందే అని బెంగ పెట్టుకున్నాడు. అన్నం సయించలేదు. దండోరా వేయించాడు. ఏటేటా కోటలో కోళ్ళ పరీక్ష పెడతాం, రాతిలో చెక్కినట్టు, పాటలో పాడినట్టు ఉన్న పుంజుని ఎవరు తెస్తే వాళ్ళింటి కోళ్ళే రాజ్యానికంతటికీ విత్తనం అవుతాయి అని. జనం ఊరుకుంటారా? బుద్ధిమంతులు కదూ, మెడకి పసుపు రాశారు, వీపుకి కుంకుమ పూశారు, తోకకి కాటుక పులిమారు, కాళ్ళకి సున్నం కొట్టారు. కోటకి వెళ్ళేలోపు కోడి ఒళ్ళు దులుపుకుంది. కోడి తెల్లబోయింది, తెచ్చినవాడు పసుపు కుంకుమలతో పేరంటానికెళ్ళొచ్చినట్టు తిరిగొచ్చాడు.

ఊ కొట్టేవాళ్ళు బతికే ఉన్నారా? ఆఁ, అదీ.

పేరిందేవి మాత్రం పసుపు ముట్టలేదు. అరుగు మీద కూర్చుని ఆలోచించింది. అంత అందమైన కోళ్ళు ఏమైపోయాయి, ఇవెక్కడినుంచి దాపురించాయి అని. ఆలోచిస్తుండగానే ఎవరొచ్చారనుకున్నారు? దెయ్యమా? ఈ కథలో దెయ్యం లేదే జాహ్నవీ, అల్లుడున్నాడు, చాలదూ?

అచ్చియ్యమ్మ కూతురి మొగుడు గవర్రాజు. మనిషి చెడ్డవాడు కాదు గానీ ముందు పొట్ట వస్తుంది, వెనకాల తను వస్తాడు. అల్లుడు గుమ్మంలో కాలు పెట్టగానే అచ్చియ్యమ్మ కోడలికి కేకేసింది, దొడ్లో ఉన్నవాట్లో మేలైన పుంజుని పట్టమని. అప్పుడు వెలిగిందమ్మా పేరిందేవికి! అల్లుడొస్తే మేలైంది కోస్తారు. పండక్కొస్తే మేలైంది, పబ్బానికొస్తే మేలైంది, పనిలేక వస్తే ఇంకా మేలైంది. మేలైనవన్నీ కూరలోకి పోతే ఇక సంతానానికి మిగిలేదేది? వంకర వేలుదీ, బోర్లించిన ముంతా! వాటి పిల్లలు వాటిలాగే ఉంటాయి గానీ నెమళ్ళవుతాయా?

వాళ్ళ పుట్టింట్లో వరి కోస్తే ముందు మేలైన వెన్నులు ఏరి విత్తనానికి పక్కన పెట్టేవారట. ఆ తరవాతే తిండికి. కోడికైనా అంతే కదా అనుకుంది. అత్తగారి దగ్గరికెళ్ళి, అత్తయ్యా, కోళ్ళు నాకొదిలెయ్యండి, రాజుగారి పరీక్షలో మన పుంజుని నిలబెడతాను అంది. అచ్చియ్యమ్మ నడుం మీద చెయ్యేసుకుని, సరే వదిలేస్తా, కానీ అల్లుడొచ్చిన పూట కోడి తెగాల్సిందే, ఏనాడైనా అల్లుడి కంచంలో కోడికూర తప్పిందా, నా చేతికి ఏది దొరికితే అది కోస్తా, అప్పుడు ఏడ్చి లాభం లేదు అంది. పేరిందేవి సరేనని మాటిచ్చింది. సత్తియ్యని అడిగితే ఊఁ అన్నాడు.

ఇంక పేరిందేవి మేలైన పుంజుని గంప కింద కమ్మేసి, వంకర వేలుదాన్ని పట్టుకొచ్చి వండింది. అచ్చియ్యమ్మ కూర కలిపి చూస్తే గిన్నెలో వంకర వేలు! ఇదేమిటే అని గయ్యిమంది. పేరిందేవి అల్లుడికి వినబడేలా ఏమందో తెలుసా? అత్తయ్యా, తిన్నటి వేళ్ళ కోడి సుఖంగా నడుస్తుంది, వంకర వేలు కోడి అడుగడుక్కీ కష్టపడుతుంది, కష్టపడిన కండకే కదా రుచి, అన్నయ్యగారిలాంటి రుచి తెలిసినవాళ్ళకి మామూలు కోడి పెడితే బాగుంటుందా అంది. ఆడపడుచు మొగుడు అన్నయ్యే కదా, అందుకని అన్నయ్యగారూ అనేది.

గవర్రాజు ఎముక జుర్రాడు. కళ్ళు మూశాడు. అవునత్తయ్యా, వంకరలోనే ఉంది మజా, అన్నాడు. అంతే! దొరికిపోయాడు!

మళ్ళీ పండక్కి జుట్టు వాలిపోయినదాన్ని వండింది. జుట్టు కళ్ళకి గొడుగు పట్టి ఎండ తగలనివ్వదు, అందుకే మాంసం మెత్తగా ఉంటుంది అంది. ఆ పై పండక్కి తోక లేనిది. తోకకి పోవలసిన బలమంతా తొడల్లోకి దిగింది అంది. ఆ పైన రెక్కలో ఒక తెల్ల ఈక ఉన్నదాన్ని. తెల్లీక కోడికి కొవ్వు వెన్నలా ఉంటుంది అంది. చెప్పేది కోడలు, చప్పరించేది అల్లుడు. ఆ మాటలన్నీ తనే కనిపెట్టినట్టు వాళ్ళ ఊళ్ళో రచ్చబండ దగ్గర కూర్చుని మీసం దువ్వుకుంటూ చెప్పేవాడట. మీరంతా మామూలు కోళ్ళు తింటారు పాపం అనేవాడట.

రానురానూ ఏమైంది? గవర్రాజు అత్తారింటికొస్తే చెప్పులైనా విప్పకుండా దొడ్లోకే నడక. కోడిని ఎత్తడం, రెక్క విప్పడం, ఈకలు పాయలు తీయడం, గోళ్ళు చూడడం. పేరిందేవి కంటికే ఆనని తెల్లీక ముక్క వాడి కంటికి ఆనేది. ఇదిగో చెల్లెమ్మా, దీని జుట్టుకి నాలుగే మొనలు, దీన్ని వండు అనేవాడు. అలాగే అన్నయ్యగారూ అని నవ్వుకుంటూ పట్టుకెళ్ళేది. అదీ సంగతి! ఇంటికి కూలి లేకుండా కోళ్ళు ఏరిపెట్టే మనిషి దొరికాడు.

అలా లోపాలున్నవి అల్లుడు తింటూ పోయాడు, మేలైనవి పేరిందేవి పొదిగిస్తూ పోయింది. పక్కింటి బోడిమెడ పుంజు గోడ దూకి తన పెట్టల్లోకొస్తే చీపురు తిరగేసేది. పిల్లలు గుడ్డులోంచి రాగానే చెవి దగ్గర పాట పాడేది. ఏళ్ళు గడిచాయి. మెడలు పసుపెక్కాయి, వీపులు ఎరుపెక్కాయి. ఆఖరికి ఒక పుంజు పుట్టిందమ్మా! పేరు పసుపతి. వాడు నడుస్తుంటే సత్తియ్య కూడా "ఊఁ" అనడం మానేసి "ఆహా" అన్నాడట. పేరిందేవి వాడిని చంకలో బిడ్డలా పెంచింది. తన ముద్దలో సగం వాడికే.

ఆ ఏడు కోట పరీక్ష రేపనగా, గవర్రాజు దిగబడ్డాడు. పొట్ట ముందు, తను వెనక.

సరాసరి దొడ్లోకెళ్ళాడు. మొదటి కోడిని ఎత్తాడు. జుట్టు చూశాడు, అయిదు మొనలు. మెడ చూశాడు, పసుపు. వీపు చూశాడు, కుంకుమ. తోక చూశాడు, కాటుక. కాళ్ళు చూశాడు, సున్నం. వేళ్ళు చూశాడు, తిన్నన. దింపాడు. రెండోదాన్ని ఎత్తాడు. జుట్టు... చెప్పండి మీరే. ఆఁ, అయిదు మొనలు. మెడ? పసుపు. వీపు? కుంకుమ. తోక? కాళ్ళు కాదురా తేజూ, తోక, కాటుక! అలా దొడ్డంతా వెతికాడు. గంపలెత్తాడు, గడ్డివాము కింద దూరాడు. పొద్దు వాలింది. ఒక్క లోపం, ఒకే ఒక్క లోపం దొరకలేదు.

గవర్రాజు నడవలో మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలక! అత్తారింట్లో ఒక వంకర వేలు కోడికి కూడా నోచుకోలేదా నేను అని ఏడుపు గొంతు. అచ్చియ్యమ్మ కత్తి తీసుకుని, వంకరది లేకపోతే మానె, ఉన్నవాట్లో పెద్దది కోస్తా అని పసుపతి దగ్గరికి నడిచింది. ముందే చెప్పాగా, ఏడ్చి లాభం లేదు అని కూడా అంది.

పేరిందేవి పసుపతిని రెండు చేతులా పొదివి పట్టుకుంది. ఏడ్చింది కూడా. ఏడవదూ మరి? ఇన్నేళ్ళ కష్టం, రేపే పరీక్ష, ఇవాళ కత్తి. మాట ఇచ్చింది తనే, కాదనడానికి నోరెలా వస్తుంది?

ఏడుస్తూనే బుర్రకి పదును పెట్టింది. కళ్ళు తుడుచుకుని, అల్లుడికి వినబడేలా, కొయ్యండత్తయ్యా, కానీ అన్నయ్యగారు లోపం లేని మామూలు కోడి తిన్నారని వాళ్ళ ఊళ్ళో తెలిస్తే మీసం తీసేసుకోవాలేమో పాపం అంది. గవర్రాజు చటుక్కున ఇటు తిరిగాడు. ఛీ, ఛీ, అది నాకొద్దు, పస్తయినా ఉంటా అన్నాడు. అచ్చియ్యమ్మ చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. అప్పుడు పేరిందేవి, మీకు ఒక్క లోపం కోడైనా దొరక్కపోవడం మాత్రం అన్యాయమే అన్నయ్యగారూ, రాజుగారి దగ్గరే తేల్చుకోండి, సాక్ష్యానికి పుంజుని కూడా తీసుకెళ్ళండి అంది. ఎగదోయడమంటే అదీ! అల్లుడు పసుపతిని చంకనేసుకుని కోటకి పరుగు, వెనకాల పేరిందేవి, ఆ వెనక అచ్చియ్యమ్మ, ఆ వెనక సత్తియ్య.

వాళ్ళు చేరేసరికి తెల్లారింది, కోటలో పరీక్ష జరుగుతోంది. గవర్రాజు జనాన్ని తోసుకుని వెళ్ళి రాజుగారి ముందు సాష్టాంగపడ్డాడు. మహారాజా, అన్యాయం! ఈ కోడికి జుట్టునించి గోరుదాకా వెతికాను, ఈకలు పాయలు తీసి వెతికాను, ఒక్క లోపం లేదు. నిన్నటినించి పస్తు మహారాజా! అని భోరుమన్నాడు. రాజుగారికి ముందు అర్థం కాలేదు. లోపం లేదని ఏడ్చేవాణ్ణి ఆయన అదే చూడటం. పుంజుని రాతికోడి పక్కన నిలబెట్టించాడు. పండితులు పాట పాడుతూ ఒక్కో రంగూ చూశారు. పసుపతి మెడెత్తి కొక్కొరోకో అన్నాడు. దగ్గలేదు! కోటంతా చప్పట్లు.

అయిపోయిందనుకున్నారా? ఆగండి. రాజుగారికి ఆనందం పట్టలేక, ఆహా, ఎంత మేలైన పుంజు, మా అల్లుడు నిన్ననే దిగాడు, వంటవాళ్ళని పిలవండి అన్నాడు!

చూశారా, రాజైతే మాత్రం? ఆయనా మామే!

పేరిందేవి ఇక ఊరుకోలేదు. ముందుకొచ్చి, మహారాజా, మీ ముత్తాత నాటినించి ఇలా మేలైంది అల్లుడికి కోసి, మిగిలింది విత్తనానికి ఉంచబట్టే కోడి రాతి మీద ఒక్కటే మిగిలింది, దీన్నీ కోసేస్తే ఇంకో రాతిమీద చెక్కించుకోండి అంది. రాజుగారు గుమ్మం వైపు చూశాడు, పసుపతిని చూశాడు, తల దించుకున్నాడు.

గవర్రాజుకి మాత్రం వేరే బాధ. రాజుగారి అల్లుడు లోపం లేని కోడి తినడమా, ఎంత అప్రతిష్ఠ అనుకుని, ఆ అల్లుడి పక్కన చేరి వంకర వేలు రుచీ, తెల్లీక కొవ్వూ, తోకలేనిదాని తొడా చెవిలో ఊదాడు. ఆ అల్లుడు దొరకి నోట్లో నీళ్ళూరాయి. మామగారూ, నాకు వంకరదే కావాలి అని పట్టుబట్టాడు. పరీక్షలో ఓడిపోయిన కోళ్ళు బోలెడు కదా, అల్లుళ్ళిద్దరూ ఎదురెదురు కూర్చుని తిన్నారు, త్రేన్చారు. రాజుగారు గవర్రాజుని కోటలో కోళ్ళ పరీక్షకి పెద్దగా వేశాడు. లోపాలు పట్టడం, పట్టినవి తినడం, అదే ఉద్యోగం. పసుపతి మాత్రం బతికాడు, పిల్లలకి తాతయ్యాడు, వాడి పిల్లలు రాజ్యమంతా కొక్కొరోకో అన్నాయి. అచ్చియ్యమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, నీ బుద్ధి ముందు నా కత్తెంతే అందట. సత్తియ్య ఊఁ అన్నాడట.

అదర్రా కథ. మేలైంది విత్తనానికి, మిగిలింది ముద్దకి. ఇది గుర్తుపెట్టుకున్న ఇంట్లో ఏదీ తరిగిపోదు.

ఏమిటే జాహ్నవీ, ఏమడుగుతున్నావు? మొన్న మీ నాన్న వచ్చినప్పుడు నేను ఏ కోడిని కోశాననా?

... మీ నాన్న గిన్నె ఊడ్చి తిన్నాడా లేదా? ఇంకో రెండు ముక్కలెయ్యండి అత్తయ్యా అన్నాడా లేదా? ఇంక నీకెందుకే ఆ ఆరా! ఆయనతో గానీ చెప్పావో, తాట తీస్తా. కథ కంచి బండెక్కేసింది, మీరిద్దరూ దుప్పట్లో దూరండి.