బంగారమ్మ మెడలో గడియారం

మద్దిచెట్ల అడవిలో ఎవరికి గడియారం కావాలన్నా తాయారు దగ్గరికే వెళ్ళాలి. తాయారంటే ఉడుత. పెద్ద మద్దిచెట్టు తొర్రలో దాని దుకాణం. కీ ఇస్తే నడిచే గడియారాలు చేస్తుంది. స్ప్రింగూ, పళ్ళచక్రాలూ, ముళ్ళూ అన్నీ సొంతంగా తయారు చేసుకుంటుంది. ఒకరికి చేసినట్టు ఇంకొకరికి చేయదు. కుందేలు గడియారం గంట గంటకీ చెవిలో గుసగుసలాడుతుంది. నత్త గడియారానికి నిమిషాల ముల్లే లేదు, నత్తకి నిమిషాలతో పనేముంది?

తాయారుకి ఉన్న లోపం ఒక్కటే. బుర్రలో కొత్త ఊహ పుడితే నోరు ఆపుకోలేదు. కనబడ్డ ప్రతివాళ్ళనీ ఆపి చెప్పేస్తుంది. ఈ గొడవంతా వచ్చింది ఆ నోటివల్లే.

ఒకరోజు గేదె బంగారమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"అమ్మాయ్ తాయారూ, నాకో గడియారం చేసిపెట్టవే. మడుగులో దిగానంటే నాకు ఒళ్ళు తెలీదు. మూడింటికి దూడకి పాలివ్వాలి. నిన్న చీకటి పడేదాకా మర్చిపోయాను. పాపం, అరిచి అరిచి పిల్లదానికి గొంతు పోయింది." చెబుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఓస్, అంతేనా పిన్నీ! కాలికి కట్టేస్తాను."

"బురదలో మునిగిపోతుంది కదే."

"పోనీ, కొమ్ముకి?"

"నా కొమ్ము నాకు కనబడుతుందా?"

"మెడకి?"

"మెడ మాత్రం కనబడి చచ్చిందా!"

తాయారు బుర్ర గోక్కుంది. ఇలాంటి గిరాకీ దానికి ఎప్పుడూ తగల్లేదు.

మర్నాడు ఊహ కోసం అడవంతా గాలించింది. నెమలి దగ్గరికెళ్ళి ఈకలు తిప్పి తిప్పి చూసింది. రంగులు బ్రహ్మాండం, బంగారమ్మకి పనికిరావు. సాలెపురుగు గూడు ముందు పొద్దంతా కూర్చుంది. "కొంటావా, ఊరికే చూస్తావా?" అని సాలెపురుగు కసిరింది. తామరకాయలో గింజల వరస చూసి ముచ్చటపడింది. ఆ ముచ్చటా పనికిరాలేదు. చివరికి దాహమేసి, కాళ్ళీడ్చుకుంటూ మడుగు దగ్గరికి పోయింది.

అక్కడ బంగారమ్మ రొమ్ముదాకా నీళ్ళలో ఉంది. మెడలో ఎప్పటిదో ఇత్తడి గంట. బంగారమ్మ నీళ్ళలోకి చూస్తూ, "ఈ గంటకి మళ్ళీ చిలుం పట్టిందే" అని తనలో తాను గొణుక్కుంది.

తాయారు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "పిన్నీ! గంట నీకెలా కనబడిందీ?"

"నీళ్ళలో కనబడుతోంది కదే, వెర్రిదానా."

"దొరికింది! దొరికింది పిన్నీ, దొరికేసింది!" తాయారు గట్టుమీద గింగిరాలు తిరిగింది, బంగారమ్మ నెత్తినెక్కి గంతులేసింది, జారి నీళ్ళలో పడి లేచి మళ్ళీ అరిచింది. ఒళ్ళు తుడుచుకోకుండానే దుకాణానికి పరుగెత్తింది.

నీళ్ళలో బొమ్మకి కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. కాబట్టి గడియారాన్నే ముందుగా తారుమారు చేసేస్తే, నీళ్ళలో అది తిన్నగా కనబడుతుంది! ఒకటి ఉండాల్సిన చోట పదకొండు పెట్టింది. అంకెల్నీ అద్దంలో కనబడేటట్టు తిరగరాసింది. లోపల ఒక చక్రం అదనంగా బిగించి ముళ్ళని వెనక్కి నడిపించింది. గడియారం టిక్కుటిక్కుమంటూ వెనక్కి తిరుగుతుంటే తాయారుకి ఆనందంతో ఏడుపొచ్చింది. ఎవరికైనా చూపించకపోతే ప్రాణం పోయేలా ఉంది.

సరిగ్గా అప్పుడే నక్క వరహాలయ్య తొర్రలోకి తొంగిచూశాడు. అతనిదీ గడియారాల దుకాణమే, రాజుగారి గుహ పక్కన. చేతిలో పనితనం ఉంది, బుర్రలో ఊహే లేదు. మృగరాజు తన పుట్టినరోజుకి ఎవరికీ లేని గడియారం కావాలని చెప్పి అతని నిద్ర చెడగొట్టాడు.

"చెల్లెమ్మా, బావున్నావా? ఇటుగా పోతూ పలకరిద్దామని..."

"అన్నయ్యా, సమయానికొచ్చావు! ఇది చూడు, ఇది చూడు!"

వరహాలయ్య గడియారాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెనకమూత తీయించి చక్రాలన్నీ కళ్ళతో మింగేశాడు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది, ఇది ఎవరి కోసమని. అదొక్కటీ అడగలేదు. తాయారు చెప్పబోయేలోగా, "పనుందమ్మా" అంటూ తోక జాడించుకుని వెళ్ళిపోయాడు.

పుట్టినరోజునాడు మృగరాజు ముంజేతికి అచ్చం అలాంటి గడియారమే వచ్చింది, బంగారుపూతతో.

"ఇదేమిటోయ్, వెనక్కి తిరుగుతోంది?" అన్నాడు రాజు.

ఎందుకో వరహాలయ్యకీ తెలీదు. అయినా వెంటనే అందుకున్నాడు. "చిత్తం. మిగతావాళ్ళకి కాలం ముందుకి నడుస్తుంది మహారాజా. తమరి దగ్గర అది వెనకడుగు వేస్తుంది. ఇది కట్టుకున్నాక తమరు రోజురోజుకీ చిన్నవారైపోతారు!"

"మరి ఈ అంకెలు?"

"దేవతల రాత, ప్రభూ."

జూలులో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టుకుని దిగులుపడుతున్న రాజుగారికి ఇంతకన్నా ఏం కావాలి? పొంగిపోయాడు. నాలుగింటికి వేటకి రమ్మని రాణి చెబితే, ఆయన గడియారంలో ముల్లు నాలుగు చోటికి వచ్చేసరికి అసలు ఎనిమిదైంది. జింకలన్నీ ఇళ్ళకు పోయాయి. కడుపు మాడినా రాజు మాత్రం, "ఈరోజు ఒంట్లో హుషారుగా ఉంది" అన్నాడు.

ఇంతలో వరహాలయ్య మడుగు పక్కగా పోతూ బంగారమ్మ మెడలో గడియారం చూశాడు. ఎవరైనా రెండూ ఒకటేనని పోల్చుకుంటే? ముందు తానే అరిస్తే గెలుస్తాననుకుని గుహకి పరుగెత్తాడు.

"ఘోరం మహారాజా! తమరి గడియారాన్ని ఆ ఉడుత కాపీ కొట్టింది. కొట్టి, తీసుకెళ్ళి ఒక గేదె మెడలో కట్టింది!"

రాజు గర్జనకి మద్దిచెట్ల ఆకులు రాలాయి. తాయారుని పట్టుకొచ్చారు.

"నా గడియారం గేదెకా! పొద్దుగుంకేలోగా నీ తొర్ర మూసేయిస్తాను. నువ్వీ అడవిలో కనబడకూడదు!"

ఆ తొర్ర పోతే తాయారుకి ఇల్లూ పోతుంది, పనీ పోతుంది. కళ్ళు తుడుచుకుని, "ప్రభూ, వెళ్ళిపోతాను. ఒక్కసారి మడుగుదాకా రండి చాలు" అంది.

అడవంతా కదిలింది. తాయారు నక్కవైపు తిరిగింది. "అన్నయ్యా, నీ గడియారం వెనక్కెందుకు నడుస్తుంది?"

"చెప్పానుగా, ప్రభువులు చిన్నవారయ్యేందుకు."

"ఒకటి దగ్గర పదకొండెందుకు పెట్టావు?"

"అదీ... అదీ దేవతల అలవాటు."

అంతలో నీళ్ళలో హాయిగా కూర్చున్న బంగారమ్మ తల వంచి చూసి ఉలిక్కిపడింది. "అమ్మో, మూడు కావస్తోంది! జరగండి బాబూ, జరగండి, దూడకి పాలివ్వాలి!" రాజుగారున్నారన్న ధ్యాస కూడా లేకుండా, అందర్నీ తోసుకుంటూ గట్టెక్కి పోయింది. అదే సమయానికి, తాయారు కోడికి చేసిచ్చిన గడియారమూ చెట్టుమీద మూడు కొట్టింది.

మృగరాజు మెల్లగా మడుగు అంచుకి వచ్చాడు. ముంజేయి నీళ్ళమీదికి చాచి వంగి చూశాడు. దేవతల రాత కాస్తా తిన్నని అంకెలైంది. ముల్లు బుద్ధిగా ముందుకి నడుస్తోంది. టైము మూడు. గడియారం పక్కనే ఆయన ముఖమూ కనబడింది. తెల్లవెంట్రుకలు ఒక్కటీ తగ్గలేదు.

"అంటే..." రాజు తన ముంజేతివంక చూసుకున్నాడు. "నేనిన్నాళ్ళూ కట్టుకు తిరిగింది గేదె గడియారమా!"

కోతి కిసుక్కుమంది. తర్వాత ఎవరూ ఆగలేకపోయారు. చివరికి రాణి కూడా పంజా అడ్డుపెట్టుకుని నవ్వింది.

రాజు గడియారం ఊడదీసి వరహాలయ్య మెడకి కట్టాడు. "దిగు. రొమ్ముదాకా దిగు. గేదెలు ఎప్పుడు టైమడిగితే అప్పుడు నీళ్ళలో చూసి చెబుతుండు."

వరహాలయ్య బురదలోకి దిగాడు. దిగీదిగగానే, పక్కనున్న ముసలి దున్నపోతు, "టైమెంతయింది అబ్బాయ్?" అంది.

రాజు తాయారు దగ్గర కూర్చుని గొంతు తగ్గించాడు. "మరి నాకో గడియారం చేసిపెడతావా? నన్ను పడుచువాణ్ణి చేయక్కర్లేదులే. వేట వేళ తెలిస్తే చాలు."

"చేస్తాను ప్రభూ. కానీ ముందు తమరు రోజంతా ఏం చేస్తారో చూడాలి."

చూసింది. రాజుగారు రోజంతా చేసేది ఒక్కటే, చెంప పంజామీద ఆనించుకుని పడుకోవడం. తాయారు తోక ఊగడం మొదలైంది. ఎగిరి గంతేసింది. "దొరికింది!"

ఈసారి గడియారం డయలు ఏటవాలుగా తిరిగి ఉంది. రాజు పడుకున్నచోటినుంచి తల ఎత్తకుండానే, ఒంటికన్ను తెరిచి టైము చూసుకున్నాడు. ఆ సాయంత్రం నాలుగింటికి, మొదటిసారి రాణికన్నా ముందే లేచి నిలబడ్డాడు.

నీతి: పక్కవాడి పనిని చూసి దించుకోవచ్చు గానీ, అది ఎవరి అవసరంలోంచి పుట్టిందో తెలియనివాడికి అది మెడకి చుట్టుకుంటుంది.